నిరుటి కాళ్ళు

ఆ పొద్దు ఆకాశం నిండా మబ్బు పట్టింది గానీ చినుకు రాల్లేదు. ఎండ లేదని తుల్సీబాయి సంతోషపడింది. ఎండ లేకుంటే కూతురు కమ్లీ అలవకుండా ఉరుకుతుంది.

నైజాం రాజ్యం పోయి రెండేళ్ళు. అడవిలోని సంఘం దళాలకు తిండి అందకూడదని పటాలం వాళ్ళు కొత్తగూడ అడవి తండాలను తగలబెట్టి, జనాన్ని బాట పక్కన ముళ్ళకంచెలోకి తోలి తొమ్మిది నెలలైంది. తుల్సీబాయి పెనిమిటి లచ్చిరాం జైల్లో ఉన్నాడు. గుడిసెలో మిగిలింది ముసలి మామ ధర్మా, పదమూడేళ్ళ కమ్లీ, ఐదేళ్ళ వాల్యా. కంచెలో ఇచ్చే పిడికెడు నూకలతో వాల్యా లేచి నిలబడటం కూడా మానేశాడు. వాడిని ఎత్తుకుంటే తుల్సీబాయికి ఎండుపుల్లలు ఎత్తుకున్నట్టే ఉంటుంది.

కాలిన తండాలో, వాళ్ళ గుడిసె అడుగున, పాతరలో జొన్నలున్నాయి. పెద్దవాళ్ళను కంచె దాటనివ్వరు. పిల్లలను మాత్రం కట్టెలకు వదులుతారు. పగటి గంట కొట్టేసరికి తలల లెక్కకు రావాలి. రాకుంటే ఆ ఇంటి పెద్దకు పన్నెండు దెబ్బలు.

“రెండు సట్ల గటుక ఉడికేటాల్లకు కమ్లీ వచ్చేస్తది,” అంది తుల్సీబాయి. తండాలో దూరాలన్నీ అట్లాగే కొలిచేవాళ్ళు. పొయ్యి మీద సట్టిలో ఎసరు పెట్టి పిల్లను వాగుకు పంపితే, జొన్నరవ్వ గటుక దించేలోపు బిందెతో రావాలి. కమ్లీ ఎసరు మరగకముందే వచ్చేది.

ధర్మా ఒప్పుకోలేదు. “అవి నిరుటి కాళ్ళు బిడ్డా. గీ పోరగాండ్లను జర సూడు. గుట్ట ఎక్కుడు లేదు, తేనె లేదు, గడ్డలు తవ్వుడు లేదు. కూసున్నకాడనే కూసుంటున్నరు. మొన్న కోతి వస్తే ఒక్కడన్న ఎంటబడ్డడా?”

“కమ్లీ లేడిపిల్ల మామా.”

“దాని ఈడుకు నేను లేగదూడను మెడమీదేసుకొని గుట్ట దిగిన. మా నాయిన దున్నపోతునే...”

“ఇగ మీ తాత ఏనుగును ఎత్తిండా ఏంది?”

ముసలాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. “నవ్వితే నవ్వు గని, తోలకు.”

తుల్సీబాయి వినలేదు. ఆ పూట నలుగురి గంజీ కమ్లీకే పోసింది. “గింజలు కట్టెలమోపు నడుమ పెట్టు. దొరికితే దళానికని సంపుతరు. ఉరుకు.”

“ఉరుకుత యాడీ,” అంది కమ్లీ. తల్లిని అట్లాగే పిలుస్తుంది.

గంట కొట్టారు. కమ్లీ రాలేదు.

సిపాయి వరుస వరుసకు కర్రతో తలలు తాకుతూ లెక్కపెడుతున్నాడు. వీళ్ళది చివరి వరుస. అతను సగం దాకా వచ్చేసరికి బాట మలుపులో కమ్లీ కనబడింది. ఉరకడం లేదు. పది అడుగులు వేసి ఆగి, మోకాళ్ళు పట్టుకుని వంగుతోంది.

“ఉరుకవే కమ్లీ! ముసలిదాని లెక్క నడుస్తవేందే!” కంచె దగ్గర పక్క గుడిసె గంగాబాయి బిడ్డ ఎగతాళి చేసింది. కమ్లీ ఇంకోసారి వంగాక ఆ పిల్ల కూడా నోరు మూసుకుంది.

మోపు పారేస్తే అందుతుంది. పారెయ్యమనే కేక తుల్సీబాయి గొంతు దాకా వచ్చింది. చంకలో వాల్యా తల వేలాడుతోంది. ఆమె పెదవులు విడిపోలేదు. మామ వైపు చూడలేకపోయింది.

ధర్మా అంతా చూశాడు. తలపాగ విప్పి కోడలి చేతికిచ్చాడు. ఒక తల తక్కువని సిపాయి “ఏక్ కమ్” అనకముందే ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఏడో దెబ్బకు కమ్లీ గేటు దాటింది. సిపాయి మోపును కర్రతో ఒక పోటు పొడిచి, పొమ్మన్నాడు. పదో దెబ్బకు ధర్మా మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అయినా పన్నెండూ కొట్టారు.

గుడిసెలో కమ్లీ ఏడుస్తూనే చెప్పింది. “ఉరుకుతున్ననే అనుకున్న యాడీ. కాళ్ళు రాలే.”

తుల్సీబాయి ఆ పిక్కలు పట్టి చూసింది. వేళ్ళు తడిగుడ్డలోకి దిగినట్టు దిగాయి. తొమ్మిది నెలలు పక్కనే పడుకున్న పిల్ల కాళ్ళు ఒక్కనాడూ ముట్టి చూడలేదు.

తిరగలిలో విసిరితే చప్పుడు బయటికి పోతుందని జొన్నలను గింజగానే ఉడికించింది. వాల్యాకు మెత్తగా నమిలి పెట్టింది. ధర్మా బోర్లా పడుకునే నాలుగు మెతుకులు తీసుకుని, ఆకును కమ్లీ వైపు జరిపాడు. పిల్ల ముట్టలేదు. ఆయన వేలితో నేల మీద తట్టాడు. మళ్ళీ తట్టాడు. కమ్లీ చెయ్యి పెట్టింది. తుల్సీబాయి కూడా ఒక పిడికెడు నోట్లో వేసుకుంది. గుడిసెలో గింజలు నమిలే చప్పుడొక్కటే వినబడింది.