కొమ్మకూ కొమ్మకూ మధ్య

నేను ఒక కెమెరాను. నా ముందు వెచ్చని ప్రాణి ఏది కదిలినా, ఎవరూ నొక్కకుండానే ఫోటో తీస్తాను. పులుల అడవిలో ఉద్యోగం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో నేను తీసిన పులి బొమ్మ పక్కన నిలబడి అధికారులు ఫోటోలు దిగేవాళ్ళు. నా పెట్టె మూల చిట్లాక, దేవాంగ పిల్లికి ఇది చాలులే అని నన్ను సువర్చలకు ఇచ్చేశారు.

సువర్చల పలమనేరు వైపు అడవి అంచు తోపుల్లో దేవాంగ పిల్లుల మీద పరిశోధన చేస్తోంది. పిడికెడు ప్రాణి, మొహమంతా కళ్ళు. పగలంతా గుబురు కొమ్మల్లో ముడుచుకుని, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయల్దేరుతుంది. దూకడం దానికి చేతకాదు. ఒక కొమ్మను వదలకుండానే ఇంకో కొమ్మను అందుకుంటుంది. ఆ తోపులో మిగిలింది పిల్లను పొట్టకు కరుచుకుని తిరిగే ఒక్క తల్లి. అది రాత్రిళ్ళు ఎటు పోతోందో తెలిస్తే, ఆ చెట్లను ఎవరూ కొట్టకుండా ఆపించాలని సువర్చల ఆశ.

చింతకూ కానుగకూ మధ్య తిప్పతీగ అల్లుకున్న చోట, పక్కనున్న వేపమానుకు నన్ను కట్టింది. నా తెలివి సంగతి ఏం చెప్పను? ఎండకు కాగిన ఆకు గాలికి ఊగినా ఫోటో తీసేస్తాను. పొద్దున చూస్తే అన్నీ ఆకులే. ఆమె తల పట్టుకునేది. తోడొచ్చే మునెప్ప, కెమెరాలు కట్టేవాళ్ళంతా చేసే పనే చేశాడు. ఆమె తీగను వంచి పట్టుకుంటే అతను కొడవలి వేశాడు. ఆ తల్లి దాటేది దాని మీదుగానే అని, ఆకుల చాటున, నాకూ కనబడలేదు.

ఆ రాత్రి ఫోటోలు అద్దంలా వచ్చాయి. తల్లి కొమ్మ చివరికి వచ్చింది. తీగ ఉండాల్సిన చోటికి చెయ్యి చాపింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ చాపింది. చివరికి మాను మీదుగా నేలకు దిగింది. ఆ తర్వాతి ఫోటోలో ఊరకుక్కలు ఉన్నాయి.

తెల్లారి సువర్చల, తల్లి నేల మీద ఉన్న ఫోటోను ముందు చూసింది. పిల్ల వేళ్ళు కూడా కనబడుతున్నాయని మురిసిపోయింది. తర్వాత మొదటినుంచీ కుక్కల దాకా వరసగా చూసింది.

"కొట్టింది నేనే గదా మేడం," అన్నాడు మునెప్ప.

"వంచి పట్టుకుంది నేనన్నా," అంది సువర్చల.

ఆ సాయంత్రమే రెండు చెట్లకూ మధ్య కొబ్బరితాడు కట్టి, నన్ను అటు తిప్పారు. దాని మీద ఇంతవరకూ ఎవరూ నడవలేదు. వానలకు తిప్పతీగ మళ్ళీ చిగురించి, ఆ తాడు పట్టుకుని పాకి, కానుగను అందుకుంది. నా దగ్గర మళ్ళీ అన్నీ ఆకులే. సువర్చల ఇప్పుడు ఒక్కో ఆకు ఫోటో తెరిచి, దాని వెనకంతా వెతికి చూస్తుంది. కోయమని మాత్రం అనదు.