మూడు ఎక్స్‌ల లోచొక్కా

డ్వేన్ కోస్కెలా ట్రక్కును బెవ్ కొట్టు ముందు ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. ఇనుపగనిలో కొండలు పిండి చేసే మనిషి, ఒక లోచొక్కా కొనడానికి కాళ్ళు రాక స్టీరింగు పట్టుకు వేలాడుతున్నాడు. వేరే ఎవరైనా అయితే ఊరు నవ్వేది. కోస్కెలాల ఇంటి సంగతి తెలిసిన ఊరు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం సొంత మైదానంలో ఆ ఏటికి బడి జట్టు ఆఖరి ఫుట్‌బాల్ ఆట, బంతి చేత్తో పట్టి ఒకరినొకరు ఢీకొట్టుకునే అమెరికా రకం. డ్వేన్ కొడుకు ఆర్లో ఆ ఆటలో ఒకే ఒక్కసారి, బంతి లేచి ఆగేంతసేపు, ముందు వరసలో నిలబడతాడు. వాడి మీదికి ఎవరూ దూకరని అవతలి ఊరి కోచ్ ఫోన్లో మాటిచ్చాడు. డులూత్ నగరంలోని డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది. వాడి రక్తంలో పుట్టిన క్యాన్సర్‌కి ఇక ఏ మందూ పనిచెయ్యదని చెప్పిన ఆ నోటితోనే, "చలి మాత్రం తగలనివ్వకండి" అంది. మిగతావేవీ డ్వేన్ చేతిలో లేవు. చలి ఒక్కటే ఉంది.

"తలుపెయ్యవయ్యా, వేడంతా వీధికి పోతోంది," అని, అతను చివరికి దిగి కొట్టు తలుపు తియ్యగానే అరిచింది బెవ్. డ్వేన్ బడిలో ఆడే రోజుల్నుంచీ ఆ ఊరి ఆటగాళ్ళకి చొక్కాలు అమ్మేది ఆవిడే.

"లోచొక్కా కావాలి. పొడుగు చేతులది."

"పొడుగు చేతులదా? కోస్కెలాల ఇంటికా? నా చెవులు సరిగ్గానే పనిచేస్తున్నాయా అబ్బాయ్?"

ఆవిడ ఎకసెక్కం ఊరికే ఆడలేదు. ఆ ఊళ్ళో ముందు వరసవాళ్ళు ఎంత మంచు పడనీ చేతులు కప్పుకోరు. వాజిలీన్ పట్టించుకుని, ఎర్రగా కందిన చేతుల్తోనే ఆడతారు. ఎందుకని అడిగితే చెప్పేందుకు వాళ్ళకే తెలియదు. తాతలు అలా ఆడారు, అంతే. బడి వరండాలో ఇప్పటికీ ఒక ఫోటో ఉంది. మంచు తుపానులో అయిదుగురు కుర్రాళ్ళు, పది బోసి చేతులు. ఎడమ నుంచి రెండోవాడు డ్వేన్. "చేతులు కప్పుకునేది బంతి విసిరే సుకుమారులురా, మనం కాదు," అని ఆర్లోకి ఉగ్గుపాలతో నేర్పింది కూడా ఆ తండ్రే.

బెవ్ మూడు రకాలు బల్లమీద పరిచింది. "ఈ నూలుది ముట్టుకోకు. చెమట పీల్చి ఒంటిమీదే గడ్డకడుతుంది. ఇది పల్చన, సెప్టెంబరుకైతే బావుంటుంది. ఇదిగో, లోపల నూగున్న ఈ నల్లది తీసుకో. కాకపోతే చర్మంలా అతుక్కోవాలి సుమా. వదులుగా ఉంటే గాలి దూరుతుంది, పైగా అవతలివాడి పిడికిట్లోకి బట్ట దొరుకుతుంది. సైజు చెప్పు."

డ్వేన్ తన చేతుల వంక చూసుకున్నాడు. రోజూ పొద్దున్నే కొడుకుని మంచం మీంచి లేపి కూర్చోబెట్టే చేతులవి. ఆ చేతులకి తెలియని సైజా?

"మూడు ఎక్స్‌లు. అన్నిట్లోకీ పెద్దది," అన్నాడు.

బెవ్ అతని మొహంలోకి చూసింది. "అబ్బాయ్..."

"వాడి సైజు అదే బెవ్. ఎప్పుడూ ఇచ్చేదే ఇవ్వు."

ఆవిడ దాన్ని మడిచి సంచిలో పెట్టింది. "సరిపోకపోతే తెచ్చెయ్. మార్చి ఇస్తాను," అని మాత్రం అంది.

ఇంట్లో ఆర్లో సోఫాలోంచి మెల్లగా లేచి ఆ చొక్కా తొడుక్కున్నాడు. చర్మంలా అతుక్కోవలసింది గాలి తీసిన గుడారంలా వేలాడింది. వాడు కిందికి చూసుకున్నాడు. తండ్రి వైపు చూశాడు.

"నాన్నా, ఇందులో ఇంకా చోటుంది. అమ్మని కూడా రమ్మను," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. "ఉతికితే దగ్గరపడుతుందిలే," అన్నాడు డ్వేన్. అన్నాక తనకే సిగ్గేసింది.

జోలీన్ మేడమెట్ల కింది పెట్టె తెరిచింది. తల్లి గదా, ఏదీ పారెయ్యదు. ఆర్లో ఎనిమిదో క్లాసులో, ఇంకా ముందు వరసలోకి రాకముందు, వేసుకున్న పొడుగు చేతుల నల్ల లోచొక్కా తెచ్చింది. "ఊరికే, చూద్దాం," అంది.

అది ఛాతీకి సరిపోయింది. భుజాలకి సరిపోయింది. పొట్ట దగ్గర ఎక్కడా ముడత కూడా పడలేదు. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో తిన్న తిండీ, ఎత్తిన బరువులూ, పెరిగిన కండా ఏమైపోయినట్టు? జోలీన్ చప్పున వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

వాడి పొడుగు మాత్రం జబ్బు తినలేకపోయింది. అందుకని చొక్కా చేతులు మోచేతికి కాస్త కిందే ఆగిపోయాయి.

"కత్తెర తే నాన్నా. ఇవి కత్తిరించేద్దాం."

"పిచ్చి వేషాలెయ్యకు. చలి తగలకూడదంది డాక్టరమ్మ."

"ఒంటికి వెచ్చగానే ఉందిగా. చేతులు కప్పుకునేది ఎవరన్నావ్?"

"అది వేరు ఆర్లో."

"ఏం వేరు?"

చలి కన్నా డ్వేన్‌ని ఎక్కువగా భయపెట్టింది జనం కళ్ళు. ఆ చేతుల్ని ఊరంతా చూస్తుంది. అది వాడికీ తెలుసు.

"చూడనీ," అన్నాడు ఆర్లో మెల్లగా. "నేను ముందు వరసవాణ్ణి. వాళ్ళలాగే నిలబడతాను. లేదంటే ఇంట్లోనే ఉంటాను."

వాడి మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా? డ్వేన్ కత్తెర తెచ్చాడు. భుజం కుట్టు పక్కనుంచి, చర్మానికి తగలకుండా, కత్తిరించాడు.

శుక్రవారం మంచు సన్నగా మొదలైంది. ఆటకి ముందు, బట్టలు మార్చుకునే గదిలో ముందు వరసవాళ్ళు బెంచీమీద కూర్చుని ఒకరి చేతులకొకరు వాజిలీన్ పట్టిస్తున్నారు. మైదానంలో పక్కన నిలబడేవాడే పక్కవాడికి పట్టించాలి, అది వాళ్ళ ఆనవాయితీ. ఆర్లో పక్కవాడు రడోవిచ్. ఎద్దులాంటి కుర్రాడు. గుప్పెడు తీసుకుని ఆర్లో చెయ్యి చూసి ఆగిపోయాడు.

"ఏంట్రా, అరిగిపోతాననుకున్నావా?" అన్నాడు ఆర్లో.

"కాదురా... నొప్పి..." రడోవిచ్ తీసుకున్నదంతా మళ్ళీ డబ్బా అంచుకి తుడిచేశాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ డ్వేన్ వచ్చి డబ్బా అందుకున్నాడు. కొడుకు ముందు మోకాళ్ళమీద కూర్చుని భుజం నుంచి కిందికి పట్టించడం మొదలుపెట్టాడు. ఒకప్పుడు రెండు చేతులూ కలిపితేగాని అందని ఆ దండచెయ్యి, ఇప్పుడు ఒక్క పిడికిట్లో ఇమిడింది. బొటనవేలు వెళ్ళి మధ్యవేలిని తాకింది. డ్వేన్ ఆ పట్టు వదల్లేకపోయాడు.

"అంతా ఒకచోటే పుయ్యకు నాన్నా," అన్నాడు ఆర్లో. "రెండోది కూడా ఉంది."

వాడు మైదానంలోకి నడిచాడు. దెబ్బలు తగలకుండా భుజాలకి కట్టే దిమ్మల కింద ఆ రెండు చేతులూ తెల్లగా, సన్నగా, మంచులో అందరికీ కనపడ్డాయి. జనమంతా లేచి నిలబడ్డారు. బంతి లేచింది. ఎదుటివాడు ఆర్లో ఛాతీని మెల్లగా ముట్టుకుని, తనంతట తనే వెల్లకిలా పడ్డాడు.

"దొంగ వెధవ, కావాలనే పడ్డాడు," అని ఇంటికెళ్ళే దాకా సణుగుతూనే ఉన్నాడు ఆర్లో. బుగ్గలు మాత్రం ఎర్రగా వెలుగుతున్నాయి. ఆ రాత్రి చాలా రోజులకి కడుపునిండా తిన్నాడు.

ఫిబ్రవరిలో పోయాడు.

శ్మశానంలో నేల రాయిలా బిగుసుకుపోయింది. జనం ఒక్కొక్కరే వచ్చి డ్వేన్‌ని కావలించుకుని పోతున్నారు. బెవ్ వచ్చి అతని చేతులు పట్టుకుంది. కోటు చేతి కిందనుంచి నల్లటి బట్ట అంచు బయటికొచ్చి ఉంది. ఆవిడ అమ్మిన బట్టని ఆవిడ పోల్చుకోలేదా? మూడు ఎక్స్‌లది తండ్రికి సరిగ్గా సరిపోయింది.

"సైజు నాకు ఆ రోజే తెలుసు బెవ్," అన్నాడు డ్వేన్. "నోరు రాలేదు."

"నాకూ తెలుసు నాయనా," అంది బెవ్. ఆ నల్ల అంచుని కిందికి లాగి, అతని మణికట్టు కప్పింది.