పలక మీద ఎక్కువైన గీత

గీతలమ్మ అన్నది వీధి పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు. ఎవరికీ అంతుపట్టని ఓ పాత లిపి మీద ఆవిడ ఇరవై రెండేళ్లు ధారపోసి, చివరికి చదవగలిగింది. పుస్తకం వేస్తే సగం మంది పండితులు మెచ్చుకున్నారు, సగం మంది పెదవి విరిచారు. "ఆవిడ చదవడం లేదు, కల్పిస్తోంది" అని ఒక పెద్దాయన నిండు సభలో అనేశాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

రిటైరైన మూడో ఏట మ్యూజియం నుంచి ఫోను వచ్చింది. అక్కడి అధికారి ఆవిడ శిష్యుడే.

"మేడమ్, కొత్త మట్టిపలక దొరికింది! ఒకవైపు మీ లిపి, రెండోవైపు అందరికీ తెలిసిన లిపి. మీరు చదివింది అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది!"

ఉన్నపళంగా వెళ్లింది. భూతద్దం పెట్టి మూడు వరుసలు చదివేసరికి కళ్లు చెమర్చాయి. నాలుగో వరుసలో గాలంలాంటి ఒక గుర్తు, దాని కింద చిన్న అడ్డగీత. భూతద్దం ఇంకా దగ్గరికి జరిపింది.

ఆ గీత ఏ శాసనంలోనూ లేదు. ఉన్నది ఒక్కచోటే, ఆవిడ పుస్తకం మొదటి ముద్రణలో. అది బొమ్మ గీయడంలో దొర్లిన తప్పు. రెండో ముద్రణలో దిద్దారు. అంటే ఈ పలకను ఎవరో ఆ పుస్తకం చూసి చేశారు.

ఆ బొమ్మలన్నీ గీసింది ఆవిడ భర్త, డ్రాయింగు మాస్టారు. ఆర్నెల్లుగా ఆయన మనవరాలికి బొమ్మలు చేస్తానంటూ వెనకగదిలో మట్టి పిసుకుతున్నాడు.

నాలుగు రోజులు ఆవిడకు అన్నం సయించలేదు. ఆయన నవ్వినా అనుమానమే, ఊరుకున్నా అనుమానమే. ఐదో రోజు ఆయన స్నానానికి వెళ్లగానే వెనకగదిలో దూరి డబ్బాలన్నీ తిరగేసింది. ఏనుగులు, గుర్రాలు, చెవి విరిగిన కుందేలు తప్ప ఏమీ లేవు.

"ఏం వెతుకుతున్నావు?" గుమ్మంలో తువ్వాలుతో ఆయన.

దాచి లాభం లేదని అంతా చెప్పేసింది. ఆయన మొహం మాడిపోయింది.

"నేనే చేస్తే ఆ గీత పెడతానా? ఆ తప్పు నా చేతిదని కుమిలి కుమిలి, పట్టుబట్టి దిద్దించింది నేనే కదా!"

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయిందండీ" అంది. ఆయన చెవి విరిగిన కుందేలును తీసి డబ్బాలో సర్దాడు.

అయితే ఇంకెవరు? మ్యూజియంలో నకలు పలకలు చేయడం శిష్యుడికి వెన్నతో పెట్టిన విద్య. మర్నాడే అతని గదికి వెళ్లి, బల్ల మీదున్న పలక ముందు కూర్చుంది.

"నీ దగ్గరున్న నా పుస్తకం ఎన్నో ముద్రణ?"

"మొదటిదే మేడమ్. మీరు సంతకం చేసి ఇచ్చారు కదా."

"రెండోది కొనలేదా?"

"మీరిచ్చింది ఉండగా ఇంకోటెందుకని..." మధ్యలోనే ఆగిపోయాడు. ఆవిడ చూపు పలక నాలుగో వరుస మీద ఉంది.

"ఎందుకు చేశావురా?"

"ఆ పెద్దాయన నోరు మూతపడాలని. మీరు గెలవడం చూడాలని మేడమ్."

"గెలిపించడానికి నన్ను దొంగని చేస్తావా?"



వారం తిరక్కుండా పండితుల సభలో ఆవిడే లేచి, పలక నకిలీదని చెప్పి, గీత చూపించింది. శిష్యుడి ఉద్యోగం పోయింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"మరి మీ పుస్తకం మాటేమిటి?"

"అది ఎక్కడికీ పోలేదు. తప్పుంటే చూపించండి."

ఆయన చూపించలేకపోయాడు. అలాగని ఒప్పుకోనూ లేదు.

ఇంట్లో మాస్టారు ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. కాఫీ కలిపి ఇస్తాడు, పేపరు చదివి వినిపిస్తాడు. కానీ ఆవిడ ఏ గదిలో అడుగుపెట్టినా, అడక్కుండానే చెప్పేస్తాడు: "పెన్సిలు చెక్కుతున్నా." "గుండీ కుట్టుకుంటున్నా."

అలా చెప్పొద్దని ఆవిడ అనాలనుకుంటుంది. నోరు రాదు.