కంఠతా వచ్చిన నొప్పి

పరీక్ష జరుగుతున్నంతసేపూ శిక్షణ ఇచ్చినవాళ్ళు నోరు విప్పకూడదు. విప్పితే పరీక్ష రద్దు. ఆ నిబంధన రాసిందెవరో గానీ నా నోటి సంగతి తెలిసే రాసి ఉంటారు. అందుకే ఆ ఉదయం ఆరోగ్య కేంద్రం వరండాలో, కిటికీ పక్కన వేసిన బల్ల మీద పెదవులు బిగించుకుని కూర్చున్నాను. కూర్చున్నాననడం కూడా అబద్ధమే. కాలుగాలిన పిల్లిలా ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగి, కూర్చుని, మళ్ళీ లేచి, వాచీ ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ కూర్చున్నాను.

పన్నెండేళ్ళుగా ఈ దీవికి నర్సుని నేనొక్కదాన్నే. ఒడ్డుకు వెళ్ళాలంటే లాంచీలో గంటన్నర. రెండో నర్సు పోస్టు కాగితం మీద ఎప్పుడూ ఉంది, మనిషే నిలవలేదు. వచ్చినవాళ్ళలో ఒకావిడ నాలుగు రోజులుంది. ఇంకొకావిడ పెట్టె తాళమైనా తీయకుండా వచ్చిన లాంచీలోనే తిరిగి వెళ్ళిపోయింది. ఊరంతా ఆ సంగతి చెప్పుకుని పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎవరో ఒకరు వచ్చి నిలిస్తే గానీ నాకు బదిలీ రాదు. ఒడ్డున నా భర్త, నా కూతురు ఉన్నారు. నేను ఇక్కడికి వచ్చినప్పుడు దానికి ఆరేళ్ళు, ఇప్పుడు పద్దెనిమిది. నెలకు రెండు రోజులు మాత్రమే తల్లినయ్యాను.

చివరికి పైవాళ్ళకు ఒక బుద్ధి పుట్టింది. బయటివాళ్ళు ఉండరు కాబట్టి దీవిలో పుట్టినవాళ్ళనే తయారు చేయండి అన్నారు. నేను రేవులో టికెట్లు కోసే అమ్మాయిని ఎంచుకున్నాను. ఊళ్ళో ఆమెను 'టికెట్టు' అనే పిలుస్తారు. ఎందుకు ఎంచుకున్నానంటే, ఆమె టికెట్టు చింపి ఇచ్చే ముందు మనిషిని చూస్తుంది. "మొన్న వెళ్ళినప్పుడు మెట్లు ఒక్కసారే ఎక్కేశారు కదా పెద్దమ్మా, ఇవాళ రెండుసార్లు ఆగారేంటి?" అని అడుగుతుంది. ఆ చూపు నేర్పితే వచ్చేది కాదు. మిగతావి నేర్పొచ్చు. నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది, అది వేరే సంగతి. మొదటి వారంలో రక్తం చూసి ఆమె కళ్ళు తిరిగి పడిపోతే, రోగే లేచి నీళ్ళు చల్లాడు. పద్దెనిమిది నెలలు గడిచేసరికి చిన్నపిల్లలకు సూది వేసి, వాళ్ళు ఏడవకముందే నవ్వించేస్తోంది.

ఇక పరీక్ష. ఒడ్డు నుంచి ఒకావిడ వస్తుంది. ఆ రోజు కేంద్రానికి వచ్చిన రోగుల్లో ముగ్గురిని ఈ పిల్ల చూడాలి, జబ్బేమిటో చెప్పాలి. అంతే. కానీ మా ఊళ్ళో జబ్బులు పరీక్ష తేదీ చూసుకుని రావు కదా. ఎవరూ రాకపోతే పరీక్ష ఏడాది వాయిదా. అంటే నా బదిలీ కూడా ఏడాది వాయిదా. అందుకని నేనే జబ్బులు పంచాను. తప్పే. ఎవరూ తప్పనలేదు, పైగా నాకంటే నాకని ఎగబడ్డారు. దుకాణం ఆయనకు దురద ఇస్తే చేతులు జోడించాడు.

"దురద మాత్రం వద్దు సిస్టరమ్మా! రేపట్నుంచి నా చేత్తో సరుకులు ఎవరు తీసుకుంటారు?"

ఆయనకు మోకాలి నొప్పి ఇచ్చాను. పోస్టాఫీసు అత్తయ్యకు నిజంగానే రక్తపోటు ఉంది కాబట్టి ఆవిడ నటించాల్సిన పని లేదు. అందరికంటే తేలికైనది, కడుపులో మంట, సరంగుకు ఇచ్చాను. లాంచీ నడిపేది ఆయనే. టికెట్టుకు మేనమామ. తల్లి పోయాక ఆమెను పెంచింది కూడా ఆయనే.

నెల రోజులు చెప్పించినా ఆయనకు నాలుగు వాక్యాలు రాలేదు. "తిన్న అరగంటకి మంట అనాలయ్యా" అంటే, "ఏం తిన్న అరగంటకి? మా ఆవిడ వంటకి అరగంట దాకా ఎందుకు?" అనేవాడు. మేనకోడలు పుస్తకం పక్కన పడేసి నవ్వేది. నేను ఇద్దరినీ కసిరేదాన్ని.

ఆ ఉదయం లాంచీలో పరీక్షాధికారి వచ్చింది. పొడుగ్గా ఉంది, మాట పొదుపు. చంకలో లావుపాటి ఫైలు. మధ్యాహ్నం రెండింటి లాంచీకి తిరిగి వెళ్ళిపోవాలంది. మొదట దుకాణం ఆయన కుడికాలు కుంటుతూ లోపలికి వెళ్ళి, ఎడమకాలు కుంటుతూ బయటికి వచ్చాడు. నేను తల పట్టుకున్నాను. పోస్టాఫీసు అత్తయ్య గండం లేకుండా గట్టెక్కించింది. మూడోవాడు సరంగు.

"ఎక్కడ ఇబ్బందిగా ఉంది?" అని టికెట్టు అడగడం కిటికీలోంచి వినిపించింది.

"పొట్ట పైభాగంలో మంట. తిన్న అరగంటకి మొదలవుతుంది. పుల్లటి తేన్పులు వస్తాయి. చెమట లేదు. చేతికి పాకదు."

ఒక్క అక్షరం పొల్లు పోకుండా పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. నెల రోజుల్లో ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పని మనిషి! లేచి కిటికీలోంచి చూశాను. చెమట లేదంటున్నవాడి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఒళ్ళో ఉన్న ఎడమచేతిని కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను. లాంచీ నడిపి వచ్చాడు, చెమట పట్టదా అనుకున్నాను. అధికారి ముందు కూర్చుంటే బెదురు ఉండదా అనుకున్నాను. ఇంకో ఏడాది అనుకున్నాను. మళ్ళీ బల్ల మీద కూర్చున్నాను. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను, కూర్చున్నాను. అప్పుడు గోడ గడియారంలో పదకొండూ నాలుగు. మళ్ళీ చూసేసరికి పదకొండూ ఏడు.

"ఏమనుకుంటున్నావు?" అని అధికారి అడిగింది.

కడుపులో మంట అంటే చాలు, పాసు. టికెట్టు చెప్పబోయి ఆగింది.

"మామయ్యా, ఇవాళ ఒక్క జోకు కూడా వెయ్యలేదేంటి?"

"పరీక్షలో జోకులేంటే? రాసుకో."

"ఆ చొక్కా ఎందుకలా తడిసింది?"

"రాసుకోమంటున్నానా! తిన్న అరగంటకి మొదలవుతుంది. పుల్లటి తేన్పులు..."

ఆమె కలం కింద పెట్టేసింది.

"మేడమ్, ఇవి ఈయన మాటలు కావు. మేం నేర్పినవి. మొదట వచ్చిన దుకాణం ఆయనకి కూడా మేమే నేర్పాం. కానీ ఈయనకి నిజంగానే ఏదో అవుతోంది. పరీక్ష ఆపెయ్యండి." తర్వాత మేనమామ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "మామయ్యా, పరీక్ష లేదు. పోయింది. ఇంక నువ్వు కాపాడేదేమీ లేదు. ఇప్పుడు చెప్పు, ఎక్కడ?"

ఆయన ముఖం అప్పుడు సడలింది. అరచెయ్యి గుండెల మధ్య పెట్టుకున్నాడు.

"పొద్దున లాంచీ తీసినప్పట్నుంచీ ఇక్కడ పిండేస్తోందే. చెయ్యి లాగేస్తోంది. దవడ కూడా."

"మరి చెప్పవా!"

"నీ పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నా."

నేను లోపలికి పరుగెత్తేసరికి ఆమె అప్పటికే ఆస్పిరిన్ నమిలిస్తోంది. ఈసీజీ తీశాం. ఆ కాగితంలో గుండెపోటని తేలింది. ఒడ్డున పెద్దాసుపత్రికి ఫోను చేశాం. లాంచీ నడపడానికి సరంగు తమ్ముడు వచ్చాడు. పన్నెండేళ్ళుగా ఇలాంటప్పుడు నేను రోగితో వెళ్ళేదాన్ని, కేంద్రానికి తాళం పడేది. అలవాటుగా మందుల సంచీ కోసం చెయ్యి చాపాను. అది ఆమె భుజాన ఉంది.

"మీరుండండి సిస్టర్. వలలవాళ్ళ కోడలికి నెలలు నిండాయి, ఇవాళో రేపో అన్నారు కదా. నేను వెళ్తాను."

పరీక్షాధికారి కూడా అదే లాంచీ ఎక్కింది. ఫైలు చంకలో ఇరికించుకుని, సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని నిలబడింది.

సరంగు బతికాడు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టర్లు అన్నారట. వారం తిరక్కుండా కాగితం కూడా వచ్చింది. రోగులకు ముందుగా సమాధానాలు నేర్పినందున పరీక్ష రద్దు, మళ్ళీ ఏడాదికి. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఇంటికి ఫోను చేసి చెబితే నా కూతురు "పర్లేదులే అమ్మా" అంది. అలా అలవాటుగా అనడం విని నాకు ఏడుపు ఆగలేదు.

ఎనిమిదో రోజున టికెట్టు తిరిగి వచ్చింది. రేవు నుంచి నేరుగా కేంద్రానికి వచ్చి, సంచీలో వాడిన మందుల స్థానంలో కొత్తవి సర్ది, అప్పుడు కూర్చుంది.

"సిస్టర్, ఆ రోజు మీరు కిటికీ దగ్గరే ఉన్నారు కదా."

"ఉన్నాను."

"మామయ్య చెప్పింది విన్నారా?"

సరిగ్గా వినపడలేదంటే నమ్మేస్తుంది. నేనేం చెప్పినా నమ్ముతుంది, పద్దెనిమిది నెలలుగా నమ్ముతూనే ఉంది.

"విన్నాను. మొదటి మాటకే అనుమానం వచ్చింది. మూడు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాను. నువ్వు పాసవ్వాలని..." అని ఆగాను. "కాదు. నేను వెళ్ళిపోవాలని."

ఆమె తల వంచుకుంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీది దూది డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. ఈ గదిలో ఇన్నేళ్ళూ నేనేం చేసినా చూసినవాళ్ళు లేరు, తప్పు చేసినా అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు ఒక మనిషి చూసింది. వరండాలో ఎవరో దగ్గారు. అప్పటికే నలుగురు వచ్చి కూర్చున్నారు.

ఆమె లేచి, నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసింది.

"ఇక మీద రోగుల్ని ఇద్దరం కలిసి చూద్దాం సిస్టర్. నాది తప్పనిపిస్తే అక్కడే ఆపండి, ఎవరున్నా సరే. మీది తప్పైతే నేను ఆపుతాను."

సరేనన్నాను. ఆమె తలుపు తీసి మొదటి మనిషిని లోపలికి పిలిచింది.