సగం ఈస్టు

ఉడుకుతున్న మొక్కజొన్న పిండిని జగన్నాధం అడుగంటకుండా తిప్పుతున్నాడు. గదంతా బెల్లం వాసన. ఆవిరికి కనుబొమలు తడిసి కారుతున్నాయి. వేళ్లనిండా పాత బొబ్బల మచ్చలు. చిటికెడు ఈస్టు నాలుక మీద వేసుకుని చూశాడు. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి నాలుకే త్రాసు. ఇరవై రెండేళ్లుగా చీపురుపల్లి నుంచి రైలెక్కి వచ్చి, ఈ కాలేజీలో పండు ఈగలకు వండిపెడుతున్నాడు. పేరుతో పిలిచిన పెద్దమనిషి లేడు. ‘ఈగల వంటోడు’ అంతే.

ఆ ఈగల సంగతి పరిశోధన చేసే ఝాన్సీయే చెప్పింది. తిండి దొరికిందన్న కబురు ఒంట్లోని కణాలన్నిటికీ పోతుందట. కబురు అందిన కణం మాంసకృత్తులు తయారుచేసుకుని పెరుగుతుందట. ఈగలకు అందుకు కావలసిన బలం ఈస్టులోనే ఉందట. కొన్ని ఈగల్లో ఒక జన్యువును చెడగొట్టి ఆ కబురు తెంపేసింది. అవి ఎంత తిన్నా గిడసబారాలి, మామూలువి నిండుగా ఎదగాలి. ఆ తేడా మీదే ఆమె థీసిస్.

ఇప్పుడు రెండు రకాలూ గిడసబారాయి.

పదకొండింటికి ప్రొఫెసర్ ఉమాశంకర్ వంటగదిలోకి వచ్చాడు. వెనకే ఝాన్సీ.

“ఈస్టు ఎంత వేస్తున్నావ్?”

“సగం. మీరే సెప్పినారు గదండి, కొత్త డబ్బా వొచ్చీదాకా సగమే ఎయ్యమని.”

“నేనా? బేకరీకి అమ్ముకుని నా మీద పెడతావా?”

గరిటె ఆగింది. జగన్నాధం మెడ నరాలు ఉబ్బాయి.

“నానేటి, ఈగల నోటికాడ తిండి దొబ్బీసీవోణ్ణా? ఆయాల ఈ ఝాన్సమ్మ ఇక్కడే ఉన్నాది. సెప్పమ్మా, ఇన్నావు గదా!”

థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఉమాశంకరే. ఝాన్సీ చెప్పుల వైపు చూసుకుంది.

“నాకు గుర్తులేదు బాబాయ్.”

“ఓలమ్మా! ఈగల ముత్తాతల పేర్లు గుర్తుంటాయి నీకు. మూడు వారాల కిందటి మాట గుర్తులేదేటి?”

“రేపట్నుంచి రాకు,” అన్నాడు ఉమాశంకర్.

“రాను. ఉడికింది పోసేసి ఎల్తాను. ఆకలి మీదున్నాయవి. అవైతే అబద్ధం ఆడలేదు.”

ఈగలను పెంచే రెండొందల సీసాల్లో పోసి, దూది బిరడాలు పెట్టి, గిన్నె తోమి బోర్లించాడు. మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయాడు. వెళ్లొస్తానని ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఝాన్సీ బల్ల మీద ఒక సీసా కనిపించింది. మామూలు ఈగలు, నిండుగా ఎదిగి, గాజు మీద బరువుగా నడుస్తున్నాయి. సీసాకు అంటించిన కాగితం మీద మూడు వారాల కిందటి తేదీ, కింద వంకర అక్షరాలు: ‘సారు సగమన్న రోజు. మనసొప్పక దీనికి నిండా ఏసినాను.’