అవ్వ గడప

నాకు కోపం ఎక్కువ. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా తలుపులు చేస్తూ, నోటి దురుసుతో సగం బేరాలు పోగొట్టుకున్నానని మా ఇంటామె సైదున్నీసా కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది. అట్లాంటి నన్ను పిలిచి జమ్మలమడుగులో పిల్లలకు వడ్రంగం నేర్పమన్నారు. చేతిలో పని నాతోపాటు మట్టిలో కలవకూడదని ఒప్పుకున్నాను.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. శిక్షణ కేంద్రానికి బోర్డు లారీ అంత ఉంది. లోపల పన్నెండు మంది పిల్లలకు మూడు ఉలులు. చెక్క ఏదని అడిగితే మేనేజర్ శ్రీవత్స సెల్‌ఫోన్‌లో వీడియోలు చూపించమన్నాడు. వీడియో చూసి ఈత నేర్చినవాడు ఎవడైనా ఉన్నాడా? ఇంట్లో పాత చెక్క ఏదుంటే అది తెచ్చుకోండి, మీకు పనికొచ్చేది మీరే చేసుకుందురు అని పిల్లలకు చెప్పేశాను.

మిగతావాళ్లు విరిగిన మంచం కోళ్లు, బెంచీ ముక్కలు తెచ్చారు. మల్లిక ఆటోలో ఒక గడప తెచ్చింది.

గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయి. జలాశయం నీళ్లకు వాళ్ల ఊరు మునిగినప్పుడు అవ్వ ఈశ్వరమ్మ బీరువానైనా వదిలింది కానీ గడపను వదల్లేదట, పెకలించి తెచ్చుకుంది. కొండాపురం దగ్గర కాలనీలో ఇచ్చిన ఇంటికి సిమెంటు వాకిలి, ఇనుప తలుపు. గడప పోయి గొర్రెల దొడ్లో గోడకు ఆనుకుంది. అవ్వ ప్రతి శుక్రవారం దొడ్లోకే పోయి దానికి పసుపు రాసేది. దానికి కొత్త ద్వారబంధం చేసి అవ్వ ఇంటికి నిలబెట్టాలని మల్లిక కోరిక. నా చేత అవుతుందా సార్ అని అడిగితే, కాకపోతే ఇంటికి పంపిస్తానన్నాను.

నిలువు చెక్కలకు నా షెడ్డులోని వేప దూలం ఇచ్చాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లు మేకు ముట్టకూడదు. నిలువు చెక్క కొసను నాలుకలా చెక్కాలి, అది గడపలోని బెజ్జంలో బిగిసి కూర్చోవాలి, ఆపైన అడ్డంగా చెక్క చీల దిగగొట్టాలి. మల్లిక చెక్కిన మొదటి నాలుక బెజ్జంలో లొడలొడలాడింది. కొస కోసేసి మళ్లీ చెయ్యమన్నాను. రెండోదీ అంతే. ఏడ్చింది. తిట్టాను. మళ్లీ చేసింది. నాలుగో వారానికి ఆ అతుకులో వెంట్రుక దూరే సందు లేదు. నాకు మెచ్చుకోవడం చేతకాదు. ఊఁ అన్నాను.

చీలలు మాత్రం ఇప్పుడే కొట్టవద్దన్నాను. విడదీసి ఆటోలో తీసుకుపోయి ఇంటి దగ్గర బిగించాలి కదా అని నా ఆలోచన. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

చివరి రోజు ప్రదర్శన. విజయవాడ నుంచి అధికారిణి వస్తోంది. నేను పోయేసరికి వేదిక మీద కొత్త కుర్చీలు మెరుస్తున్నాయి. అంగట్లో కొన్న కుర్చీలు. ఒక్కోదానికి మా పిల్లల పేరు ఒక్కోటి అంటించారు. పిల్లలు చేసినవన్నీ వెనక రేకుల షెడ్డులో పడేశారు. వాటికి పాలిష్ లేదు కదా అని శ్రీవత్స సంజాయిషీ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. షెడ్డులోకి పోయి చూస్తే మల్లిక ద్వారబంధం విడిపోయి ఉంది. నిలువు చెక్కలున్నాయి, గడప లేదు.

నేనూ మల్లికా వెతుకుతుండగానే అధికారిణి వచ్చి వేదిక ఎక్కి కూర్చుంది. మనవరాలి పని చూడడానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్న ఈశ్వరమ్మ మాత్రం వేదికకు వేసిన మెట్టునే చూస్తోంది. మెట్టు మీద ఎర్ర తివాచీ పరిచారు. దాని పక్కనుంచి చెక్క కొస బయటికి కనబడుతోంది. ఆ కొసన ఏళ్లనాటి పసుపు. చీలలు లేవు కాబట్టి గడప సులువుగా ఊడింది. దాన్ని రెండు చెక్క దిమ్మెల మీద పెట్టి నాలుగు మేకులు కొట్టారు. శ్రీవత్స బూట్లతో దాని మీద ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు.

"మా ఇంటి గడపప్పా అది," అంది ఈశ్వరమ్మ నాతో. గొంతు కూడా పెంచలేదు.

నేను గునపం కోసం షెడ్డుకు పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి అధికారిణి తన కుర్చీకి అంటించిన పేరు చదివి, మల్లిక ఎవరని అడుగుతోంది. మల్లిక లేచి నిలబడింది. ఎంత బాగా చేశావమ్మా అని ఆమె మెచ్చుకుంది. శ్రీవత్స పిల్ల వైపు గుడ్లురిమి చూశాడు. సర్టిఫికెట్లు అతని చేతిలోనే ఉన్నాయి.

"ఆ కుర్చీ నేను చేయలేదు మేడం," అంది మల్లిక. "నేను పని చేసిన చెక్కను మీకు మెట్టు చేసినారు. అది మా అవ్వ గడప."

అధికారిణి తివాచీ వైపు చూసింది. ఇక ఉపన్యాసం లేదు. చెప్పులు చేత పట్టుకుని వేదిక వెనక వైపు నుంచి కిందికి దిగింది. విచారణ చేయిస్తానని చెప్పి పోయింది. చేయించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. శ్రీవత్స మాత్రం ఆ మెట్టు మీదికే దిగి నిలబడి, ముక్క చెక్కకు ఇంత రచ్చ ఎందుకని, ఇకమీదట ఈ కేంద్రానికి రావద్దని నన్ను తిట్టాడు.

"ముందు కాలు తియ్యి," అన్నాను.

నా చేతిలో గునపం ఉంది. తీశాడు.

ఆ వచ్చిన శుక్రవారం కాలనీలో సిమెంటు వాకిలి పగలగొట్టి గడప దించాం. మేకులు పీకిన బెజ్జాలు నాలుగు మిగిలాయి. రంపపు పొట్టు, జిగురు కలిపి పూడుస్తానంటే ఈశ్వరమ్మ ఒప్పుకోలేదు.

"ఉండనీప్పా. కొట్టినోళ్లు నాకు మతికుండాల," అంది. ఆ బెజ్జాల్లోకి కూడా వేలితో పసుపు దూర్చింది.

నిలువు చెక్కలు మల్లికే దించింది, చీలలు మల్లికే కొట్టింది. ఆ పిల్లకు సర్టిఫికెట్ ఇవ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ద్వారబంధం నిలబెట్టాక వడ్రంగికి కొత్త టవలు, టెంకాయ, తాంబూలం ఇవ్వడం ఆనవాయితీ. ఈశ్వరమ్మ పళ్లెంతో వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ చేతులు చాచాను. ఆమె నన్ను దాటుకుని పోయి పళ్లెం మనవరాలి చేతుల్లో పెట్టింది.

"చేసిన చేతికే కదప్పా పెట్టేది," అంది, నా వైపు తిరక్కుండానే.

చాచిన చేతులు ఏం చేసుకోవాలో తెలియక, వంగి గునపం ఎత్తుకున్నాను.