మాటసాయం మనిషి

టముకుని మాటసాయం పదవికి ఎన్నుకున్నారని విని డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాబట్టే ఫైర్ స్టేషన్లో వాడికి టముకు అని పేరు పడింది. పైగా డ్రైవరుకి స్వయానా బావమరిది. పొద్దున స్టేషన్లో ఎవరైనా తుమ్మితే, ఎన్నిసార్లు తుమ్మారో సాయంత్రానికల్లా వాళ్లక్కకి, అంటే డ్రైవరు భార్యకి, తెలిసిపోవాల్సిందే.

తప్పు వాడిది కాదు, ఓట్లేసిన వాళ్లది. కొత్త చట్టమొకటి వచ్చింది. మంటలార్పేవాళ్లు, అంబులెన్సువాళ్లు చూడరానివెన్నో చూస్తారు కదా, ఆ బరువు దించుకోవడానికి ప్రతి స్టేషన్లోనూ తమలోంచే ఒకరిని ఎన్నుకోవాలట. ఆ పదవి పేరు మాటసాయం. సాయం మాటతోనే కదా, మరి మాటలు ఎవడి దగ్గర దండిగా ఉన్నాయని చూసి, మన మహానుభావులు టముకుని ఏరికోరి గెలిపించారు. చట్టం ఒక్కడు చదివితే కదా! వాడు శిక్షణకి వెళ్లొచ్చాక గానీ తెలియలేదు, ఆ పని మాట్లాడటం కాదని, వినడమని. విన్నది కడుపులో పెట్టుకోవాలి. పైఅధికారి అడగకూడదు, అడిగినా చెప్పకూడదు. చెప్పుకున్నంత మాత్రాన ఎవరి ఉద్యోగానికీ చేటు రాకూడదు.

సరిగ్గా అప్పుడే డ్రైవరు పీకల్లోతు కష్టంలో ఉన్నాడు. అంతకుముందు ఓ ఇల్లు అంటుకుందని వెళ్తుంటే, సందులో అడ్డదిడ్డంగా నిలిపిన కార్ల మధ్య ఫైరింజను ఇరుక్కుంది. చేరేసరికి ఆలస్యమైపోయింది, ఆ ఇంటాయన దక్కలేదు. అప్పట్నుంచి సైరన్ మోగితే చాలు, డ్రైవరు చేతులు వణుకుతున్నాయి. నడుంనొప్పని సాకు చెప్పి రెండో డ్రైవరు చేత బండి తోలిస్తున్నాడు. నడుం చూపించుకు రమ్మని ఆఫీసరమ్మ పట్టుపట్టింది. అది నిక్షేపంగా ఉందని తేలితే ప్రాణంగా చూసుకున్న సీటు పోతుంది. సీటు సంగతి అలా ఉంచి, మా ఆయనకి భయమంటే తెలియదని నలుగురిలో చెప్పుకు మురిసిపోయే భార్యకి మొహం ఎలా చూపించాలి? తిండి సయించడం మానేసింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి గత్యంతరం లేక బావమరిదిని పైపులు ఆరబెట్టే గదిలోకి లాక్కెళ్లి, తలుపేసి, ఉన్నదంతా కక్కేశాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. టముకు నోరు మెదపలేదు. బుద్ధెరిగాక వాడు అంతసేపు నోరు మూసుకోవడం డ్రైవరు ఎన్నడూ ఎరగడు. అంతా విని, తనూ కళ్లు తుడుచుకుని, ఇలాంటివాటికనే పెట్టిన డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లాడు. కొన్నాళ్లు ఈయన బండి నడపకూడదు, సీటు మాత్రం ఈయనదేనని డాక్టరు రాసిచ్చింది. ఆఫీసరమ్మ ఎందుకని అడగలేదు.

సీటు నిలబడింది. టముకు నోరు నిలబడుతుందా అన్నదే ఇక బెంగ. అందులోనూ వాడి అక్క ఊరుకునే రకం కాదు. తమ్ముణ్ణి భోజనానికి పిలిచి, వాడికిష్టమైన కూర దగ్గరుండి వండి, మొగుడి పక్కనే కూర్చోబెట్టి వడ్డిస్తూ, తీరిగ్గా మొదలుపెట్టింది. మీ బావ మనిషి మనిషిలా లేడు, స్టేషన్లో ఏం జరిగిందిరా అంది.

టముకు పెద్ద ముద్ద నోట్లో కుక్కుకున్నాడు. అది మింగేదాకా ఆగి ఆవిడ మళ్లీ అడిగింది. మరో ముద్ద కుక్కుకున్నాడు. రెండో డ్రైవరు జుట్టుకి రంగేశాడని ఏదో దారి మళ్లించబోయాడు గానీ, అది వాడే చెప్పిన పాత కబురు. చెబితేనే కూరని ఆవిడ గిన్నె తన వైపు లాక్కుంది. వాడు ఒట్టి అన్నం తిన్నాడు. చెమటలు పట్టాయి, చెవులు ఎర్రబడ్డాయి, పాపం.

"నిన్ను ఎత్తుకు పెంచాను కదరా. నా దగ్గరా దాపరికం?"

"ఆ మాట నాది కాదక్కా. నాదైతే ఈపాటికి ఇక ఆపరా బాబూ అని నువ్వే మొత్తుకునేదానివి."

డ్రైవరుకి ముందు నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, పొట్ట పట్టుకుని నవ్వాడు. అంతలోనే, వీడు ఒట్టన్నం తింటూ తన పరువు కాపాడుతుంటే, తను సొంత పెళ్లాం దగ్గర దొంగలా కూర్చోవడమేమిటని సిగ్గేసింది.

"వాణ్ణి వదిలెయ్. నేను చెబుతా. సైరన్ మోగితే చేతులు వణుకుతున్నాయే. భయమేస్తోంది నాకు."

ఆవిడ గిన్నె వదిలేసి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"పక్కన పడుకునేదాన్ని, నాకు తెలియదనుకున్నావా? నిద్రలో నీ చేతులు స్టీరింగు తిప్పుతూనే ఉన్నాయి. నీ నోటితో నువ్వే చెబుతావని చూస్తున్నా."

ఆ తరవాత ఆవిడ ఏడ్చింది, నవ్వింది, తమ్ముడు ఇన్నాళ్లకి ఒక్క మాట దాచాడని సంబరపడిపోయి కూరంతా వాడి కంచంలోనే వంపేసింది.

డాక్టరు సరేనన్న రోజున ఏదో వంటింట్లో పొగలని కబురొచ్చింది. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. సైరన్ మోగింది. బండి గేటు దాటింది. ఆ ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూనైనా తమ కాళ్ల మీద తామే బయటికొచ్చారు. మంట ఆరాక, బండి మెట్టు మీద కూర్చుని, మసి చేతులతోనే ఇంటికి ఫోన్ చేశాడు.

"ఇవాళ నేనే నడిపాను. చేతులు కొంచెం వణికాయి. అయినా నడిపాను."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమోనని రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు.

"ఎక్కడికీ పోలేదు," అంది ఆవిడ. "చెప్పు, వింటున్నా."